24 వేలకు పాత కారుకు రంగు వేయిస్తే కలిసొస్తుందా?

కాకినాడ నుంచి ఒక ఉపాధ్యాయురాలు వివరంగా ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. వారిది 2012 జూన్‌లో కొన్న వెండి రంగు చిన్న పెట్రోల్ కారు. ఇప్పటికి 92 వేల కిలోమీటర్లు తిరిగింది. రోజూ 12 కిలోమీటర్ల దూరంలోని బడికి అందులోనే వెళ్లివస్తారు, దారిలో మరో ఇద్దరు టీచర్లను ఎక్కించుకుంటారు. ఇంజను బాగుంది, నిరుడే ఏసీ బాగు చేయించారు. టైర్లు 2019లో మార్చారు. ఇంటి ముందు నీడ లేదు కాబట్టి ఇన్నేళ్లూ కారు ఎండలో, సముద్రపు గాలిలోనే నిలబడింది. టాపు మీద, బానెట్ మీద పై పొర తెల్లబడి పొలుసులుగా లేచిపోతోంది. ఎడమవైపు రెండు తలుపుల కింది అంచుల్లో, వెనక చక్రం పైన రూపాయి బిళ్లంత మేర తుప్పు బుడగలు వచ్చాయి. మిగతా ఒళ్లంతా వెలిసింది గానీ ఊడలేదు.

తెలిసిన పెయింటరు మొత్తం కారుకు 24 వేలు అడిగాడు. నాలుగు రోజుల్లో ఇచ్చేస్తానన్నాడు. వెండి రంగు మాని తెలుపు వేయించుకుంటే 20 వేలకే అవుతుందన్నాడు. పెయింట్ బూత్ (దుమ్ము పడకుండా రంగు కొట్టే మూసిన గది) ఉన్న ఇంకో షెడ్డువారు మొత్తానికి 58 వేలు, పది రోజులు అన్నారు. విడివిడిగా అయితే టాపుకు 7 వేలు, బానెట్‌కు 4,500, తుప్పు పట్టిన మూడు చోట్లా కలిపి 9 వేలు చెప్పారు. కంపెనీ సర్వీసు సెంటరు లెక్క 95 వేలకు తేలింది. పాత కార్ల వ్యాపారి ఉన్నది ఉన్నట్టుగా 1,20,000 ఇస్తానన్నాడు. భర్త 24 వేల వైపు మొగ్గుతున్నారు. ఇంజనీరింగ్ చివరి ఏడాది చదువుతున్న కొడుకు మాత్రం అమ్మేసి, అప్పు తీసుకుని కాస్త కొత్త కారు కొందామంటున్నాడు. ఎవరో బీమాలో పెట్టుకోమని కూడా సలహా ఇచ్చారట.

ఉత్తరం చివర ఇలా ఉంది: "మా చెల్లెలి గృహప్రవేశంలో దాని భర్త పదిమంది ముందు ‘ఈ బండి ఇంకా వదల్లేదా వదినా’ అన్నాడు. ఆ రోజు నుంచి ఎక్కడికి వెళ్లినా కారును పక్క వీధిలో ఆపి నడిచి వెళుతున్నాను. వచ్చే మాఘంలో మా ఆడపడుచు కూతురి పెళ్లి రాజమండ్రిలో ఉంది. ఈలోగా రంగు వేయించడం తెలివైన పనేనా, లేక ఒకరి మాటకు లొంగి డబ్బు తగలేసుకుంటున్నామా?"

టీచరు గారూ,

కారును పక్క వీధిలో ఆపుతున్నానని మీరు రాసిన వాక్యాన్ని తేలిగ్గా తీసుకోలేను. రోజూ ముగ్గురిని బడికి చేరుస్తున్న బండిని దాచుకోవాల్సి రావడం బాధే. కారు శుభ్రంగా, చూడముచ్చటగా ఉండాలని కోరుకోవడంలో తప్పేమీ లేదు. ఆ కోరికకు కొంత డబ్బు కేటాయించడం దుబారా కూడా కాదు. ఆ డబ్బు మళ్లీ వచ్చే ఏడాది ఇదే బాధ పడకుండా చూసేచోటికి వెళుతోందా అన్నదే ఆలోచించాలి. 24 వేల పని గురించి నా అనుమానమంతా అక్కడే.

ముందు మీ కారు మీద ఏం జరిగిందో చూద్దాం. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన కారు రేకు మీద వరసగా తుప్పు పట్టనివ్వని తొలి పూత, దాని మీద ప్రైమర్, దాని మీద రంగు, అన్నిటికీ పైన రంగు లేని లక్కర్ పొర ఉంటాయి. నాలుగూ కలిపినా మందం మిల్లీమీటరులో పదోవంతుకు అటూఇటూగా ఉంటుంది. మెటాలిక్ వెండి రంగును ఎండ నుంచి కాపాడేది ఆ పైనున్న లక్కరే. ఏళ్ల తరబడి ఎండ నేరుగా పడేది టాపు మీద, బానెట్ మీద కాబట్టి అక్కడే అది ముందు చచ్చిపోతుంది. ఒకసారి లేవడం మొదలుపెడితే ఏ పాలిష్ పెట్టినా అతుక్కోదు. మీ కారు పక్కభాగాల పరిస్థితి వేరు. అక్కడ లక్కర్ ఊడలేదు, పైపైన మసకబారింది. అది రబ్బింగ్, పాలిష్‌తో చాలావరకు తిరిగి వచ్చే మెరుపు.

అంటే మీ కారులో మూడు రకాల జబ్బులున్నాయి. పైన లక్కర్ పోయింది, పక్కన మెరుపు తగ్గింది, కింద తుప్పు మొదలైంది. 24 వేల మనిషి మూడింటికీ ఒకే మందు వేస్తానంటున్నాడు.

ఆయన ధర అంత తక్కువగా ఎలా వచ్చిందో అర్థమైతే మీ నిర్ణయం సగం అయిపోయినట్టే. కారు పెయింటింగ్‌లో స్ప్రే గన్ పట్టుకునే సమయం చాలా తక్కువ. అసలు శ్రమంతా దానికి ముందే ఉంటుంది. హ్యాండిళ్లు, లైట్లు, అద్దాల చుట్టూ ఉన్న బీడింగులు విప్పాలి. చచ్చిన లక్కర్‌ను గట్టిగా ఉన్న చోటు తగిలేదాకా వాటర్ పేపర్‌తో గీకాలి. సొట్టలు తీసి, పుట్టీ పెట్టి, అది పూర్తిగా ఆరాక మళ్లీ గీకి, ప్రైమర్ కొట్టి, అదీ ఆరాక మరోసారి సన్నని పేపర్‌తో రుద్దాలి. అప్పుడు రంగు, చివర్లో లక్కర్. మొత్తం కారుకు ఇదంతా నాలుగు రోజుల్లో పద్ధతిగా కావడం కష్టం. నాలుగు రోజుల్లో చేతికొచ్చిందంటే విప్పాల్సినవి విప్పకుండా కాగితం అంటించి ఉంటారు, గీకాల్సిన చోట పైపైన గరుకు చేసి వదిలి ఉంటారు. పెచ్చులూడిన గోడను గీకకుండా సున్నం వేస్తే ఏమవుతుందో మీకు తెలుసు. కింది పొర లేచిన రోజున కొత్త రంగునూ వెంటబెట్టుకుని లేస్తుంది.

ధర తగ్గించే రెండో మార్గం సరుకు. చౌక పనుల్లో ఇప్పటికీ ఎన్.సి. (నైట్రోసెల్యులోజ్) పెయింట్ వాడేవాళ్లున్నారు. అది చకచకా ఆరుతుంది, షెడ్డు నుంచి వచ్చిన రోజున బాగానే మెరుస్తుంది, తర్వాత ఎండకు త్వరగా వెలిసిపోతుంది. పెట్రోల్ పోసేటప్పుడు నాలుగు చుక్కలు ఒలికినా మచ్చ పడుతుంది. హార్డ్‌నర్ (రంగును గట్టిపరిచే ద్రవం) కలిపి కొట్టే పి.యు. (పాలీయూరిథేన్) పెయింట్ ఖరీదెక్కువ, మన్నిక కూడా ఎక్కువ. ఆరిన తర్వాత ఏది వేశారో తెలుసుకోవడం సులువే. కనబడని మూల థిన్నర్‌లో తడిపిన గుడ్డతో రుద్దితే ఎన్.సి. రంగు గుడ్డకు అంటుకుంటుంది, బాగా గట్టిపడిన పి.యు. అంటుకోదు. కానీ వేయించాక పరీక్షించి ప్రయోజనమేముంది? ముందే అడిగి, బిల్లులో రాయించుకోండి.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి. ఆ హార్డ్‌నర్‌లో ఉండే ఐసోసయనేట్లు అనే రసాయనాలు పిచికారీ చేసేటప్పుడు ఊపిరితిత్తుల్లోకి వెళితే పెయింటర్లకు ఉబ్బసం రావచ్చు. ముక్కుకు చేతిరుమాలు కట్టుకుంటే అవి ఆగవు. అందుకు తగిన మాస్కు, గాలిని బయటికి తోసే బూత్ ఉన్న షెడ్డు కాస్త ఎక్కువ అడిగితే ఆ ఎక్కువలో కొంత ఆ కుర్రవాళ్ల ఊపిరికి పోతోందని నేను అనుకుంటాను. మీరు ఏ షెడ్డుకు వెళ్లినా ఈ సంగతి గమనించమని నా కోరిక.

తెలుపు వేయించుకుంటే 4 వేలు తగ్గుతుందన్న మాటను మాత్రం దగ్గరికి రానివ్వకండి. తెల్ల రంగు తేలిక, చౌక, నిజమే. కానీ తలుపు తెరిస్తే లోపలి అంచులు, డిక్కీ లోపల, బానెట్ కింద అంతా వెండి రంగే ఉండిపోతుంది. అవన్నీ మార్చాలంటే ఆ ధరకు కుదరదు. పైగా రిజిస్ట్రేషన్ పత్రంలో రంగు నమోదై ఉంటుంది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం పత్రంలోని వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. రంగు మారిస్తే రవాణా కార్యాలయంలో నమోదు చేయించాలి, బీమా సంస్థకూ తెలపాలి. ఉన్న రంగే మళ్లీ వేయించుకుంటే ఈ తిరుగుడేదీ ఉండదు.

ఇక తుప్పు. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా కలవరపెట్టింది ఆ మూడు బుడగలే. టాపు మీద లక్కర్ పోయినా రేకు వెంటనే పాడవదు, కింద ఇంకా పూతలున్నాయి. తలుపు అంచున బుడగ వచ్చిందంటే మాత్రం తుప్పు చాలాసార్లు లోపలి నుంచి బయటికి వస్తున్నట్టు. తలుపుల కింది అంచున నీరు పోవడానికి చిన్న రంధ్రాలుంటాయి. అవి మట్టితో మూసుకుపోతే అద్దం పక్కనుంచి దిగిన వాన నీరు లోపలే నిలుస్తుంది. కాకినాడ గాలిలోని ఉప్పు మిగతా పని పూర్తి చేస్తుంది. ఈ ఆదివారం తలుపులు తెరిచి, కింది అంచున ఆ రంధ్రాలు వెతికి, సన్నని పుల్లతో మట్టి తీయించండి. దీనికి పైసా ఖర్చు లేదు.

అదే రోజు మీ అబ్బాయిని స్క్రూడ్రైవర్ మొనతో ఆ బుడగల మీద మెల్లగా నొక్కి చూడమనండి. తలుపుల కింద పొడవునా ఉండే గడపలాంటి పట్టీ, డిక్కీలో స్టెప్నీ కింద రేకు, కాళ్ల దగ్గర మ్యాటు కింద నేల, బ్యాటరీ పెట్టే చోటు కూడా చూడాలి. మొన ఆగితే తుప్పు పైపైనే ఉంది. దాన్ని మెరిసే లోహం కనబడేదాకా గీకి, ఎపాక్సీ ప్రైమర్ పట్టించి, ఆపైన రంగు వేస్తే ఏళ్లపాటు నిలుస్తుంది. మొన లోపలికి దిగితే ఆ ముక్క కోసేసి కొత్త రేకు వెల్డింగ్ చేయాలి. గీకకుండా పుట్టీతో కప్పి రంగు కొడితే సాధారణంగా ఒక వానాకాలం దాటేసరికి బుడగ మళ్లీ లేస్తుంది, ఈసారి ఇంకాస్త పెద్దదిగా. 24 వేల పెయింటరును ఈ మూడు చోట్ల ఏం చేస్తారని సూటిగా అడగండి. "పుట్టీ పెట్టి కవర్ చేసేస్తామండి" అంటే మీకు జవాబు దొరికినట్టే.

రంగు కంటే ముందు చూడాల్సినది మరొకటి ఉంది. 2019లో మార్చిన టైర్లకు ఆరేళ్లు దాటుతున్నాయి. టైరు పక్కన గుడ్డు ఆకారపు గడిలో నాలుగు అంకెలుంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైనదని అర్థం. గాట్లు లోతుగానే కనబడినా ఎండకు రబ్బరు గట్టిపడి, పక్కల సన్నని పగుళ్లు వచ్చి ఉండవచ్చు. అలాంటి వాటితో తడి రోడ్డు మీద ముగ్గురు టీచర్లు ప్రయాణించడం నాకు ఇష్టం లేదు. పగుళ్లు కనబడితే డబ్బులో తొలి వాటా టైర్లదే. రంగు ఆ తర్వాత.

ఇప్పుడు మీ ముందున్న దారులు. అన్నీ ఒకే ప్రశ్న దగ్గర విడిపోతాయి: ఈ కారును ఇంకా ఎన్నేళ్లు ఉంచుకోవాలనుకుంటున్నారు?

ఏడాదిలోపు అమ్మేయాలనుకుంటే రంగు జోలికి పోవద్దు. 24 వేలు పెట్టి వేయించినంత మాత్రాన వ్యాపారి 24 వేలు ఎక్కువ ఇవ్వడు. పాత కారు ఒళ్లంతా కొత్త రంగు కనబడితే కొనేవాడికి ముందుగా వచ్చే అనుమానం ప్రమాదం. పుట్టీ ఎక్కడుందో అయస్కాంతంతో, పెయింట్ మందం కొలిచే మీటరుతో పట్టేస్తున్నారు. వెలిసినా అసలు రంగే ఉన్న కారు కథ కొనేవాడికి సూటిగా తెలుస్తుంది. అమ్మే ముందు బాగా కడిగించి, రబ్బింగ్ పాలిష్ పెట్టించి, సీట్లు శుభ్రం చేయించి, సర్వీసు కాగితాలు దగ్గర పెట్టుకుంటే చాలు.

మీ అబ్బాయి మాటలోనూ న్యాయం ఉంది, కొట్టిపారేయకండి. పాత కారు మీద పెట్టే ప్రతి రూపాయీ తిరిగిరానిదే. కానీ అతను అప్పు అంటున్నాడు. వేరే పాత కారు తీసుకుంటే దాని లోపలి జబ్బులు మనకు తెలియవు. ఈ కారు పుట్టుక నుంచి మీకు తెలుసు. నెలకు కట్టాల్సిన వాయిదాను అతనితోనే కాగితం మీద రాయించి, మీరు ఏడాదికి ఈ కారు మీద పెడుతున్న మరమ్మతు ఖర్చు పక్కన పెట్టి చూడండి. గడప పట్టీలోకో నేల రేకులోకో స్క్రూడ్రైవర్ దిగిపోతే మాత్రం నేనూ మీ అబ్బాయి పక్షమే. అలాంటి బండికి రంగు వేయించడం వృథా.

మూడు నుంచి అయిదేళ్లు ఉంచుకోవాలనుకుంటే, రేకు గట్టిగా ఉంటే, బూత్ ఉన్న షెడ్డువారు విడివిడిగా చెప్పిన లెక్కను మరోసారి చూడండి. టాపు 7 వేలు, బానెట్ 4,500, తుప్పు పని 9 వేలు, కలిపి 20,500. పక్కభాగాలకు రబ్బింగ్ పాలిష్‌కు ఇంకో రెండున్నర వేలు వేసుకుంటే 23 వేలు. మీవారు ఖర్చు పెట్టడానికి సిద్ధపడిన మొత్తమే ఇది. అదే డబ్బు ఒళ్లంతా పలచగా పూయడానికి కాకుండా పాడైన చోట గట్టిగా చేయడానికి వెళుతుంది. మీ స్థానంలో నేనుంటే ఇటే మొగ్గుతాను. ఇందులోనూ ఒక లోటుంది, ముందే తెలియాలి. వెండి రంగును అచ్చుగుద్దినట్టు కలపడం చాలా కష్టం. బానెట్ కింద లేదా తలుపు స్తంభం మీద ఉన్న ప్లేటులోని షేడ్ నంబరు చూసి కలిపినా, పదమూడేళ్లు వెలిసిన పక్కభాగాలకూ కొత్త రంగుకూ కాస్త తేడా ఉంటుంది. టాపు, బానెట్ పడుకుని ఉండే భాగాలు కాబట్టి వెలుగు వాటి మీద ఎలాగూ వేరుగా పడుతుంది, తేడా అంతగా తెలియదు. తలుపుల దగ్గర తెలుస్తుంది. అక్కడ కింది సగానికే వేసి ఆపకుండా రంగును పైకి క్రమంగా కలుపుతూ పోయి, తలుపు మొత్తానికి లక్కర్ కొట్టమని అడగండి.

58 వేల పని కూడా చెడ్డదేమీ కాదు. కానీ 1,20,000 పలికే కారు మీద దాదాపు సగం విలువ అది. పదేళ్లు వాడే ఉద్దేశం, అంతటి మమకారం ఉన్నవాళ్లకే నేను ఆ మాట చెబుతాను. సర్వీసు సెంటరు 95 వేల గురించి ఆలోచించనక్కర్లేదు.

తుప్పు పని తప్ప ఇంకేమీ చేయించకుండా ఉండటం కూడా ఒక దారే. తుప్పు మూడు చోట్లా గీకించి ప్రైమర్, రంగు వేయించి, టాపును అలాగే వదిలేస్తే 9 వేలతో పోతుంది. కారు అందంగా ఉండదు, నడకకు లోటుండదు. లక్కర్ పోయిన చోట రంగు ఇంకా వెలిసి, కొన్నేళ్లకు ప్రైమర్ బయటపడుతుంది. ప్రైమర్ ఎండకు, తేమకు ఎక్కువ కాలం ఆగదు. అప్పుడు టాపు మీదా తుప్పు మొదలవుతుంది. ఈలోగా కారునే మార్చేస్తాం అనుకుంటే ఇది సరిపోతుంది.

ఏ దారి పట్టినా 2027 జూన్‌ను లెక్కలోకి తీసుకోండి. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకే చెల్లుతుంది. ఆ తర్వాత తనిఖీకి నిలబెట్టి అయిదేళ్లకు పొడిగించుకోవాలి. గడువుకు 60 రోజుల ముందు నుంచి దరఖాస్తు పెట్టుకోవచ్చు. దీని రుసుమును 2022 ఏప్రిల్ నుంచి 600 నుంచి 5 వేలకు పెంచారు. పాత బండ్ల మీద వేసే హరిత పన్ను అదనం. తనిఖీలో బ్రేకులు, లైట్లు, టైర్లు, పొగ చూస్తారు. తుప్పుతో చిల్లులు పడ్డ బాడీకి అభ్యంతరం రావచ్చు, వెలిసిన రంగు వల్ల అంత ఇబ్బంది ఉండదు. ఢిల్లీలో పాత బండ్ల మీద ఉన్న ఆంక్షల వార్తలు చూసి మీవారు కంగారు పడుతున్నారని రాశారు. అవి ఆ ప్రాంతానివి.

బీమా సలహా ఇచ్చినవారికి నమస్కారం పెట్టి ఊరుకోండి. ఎండకు వెలిసినదానికీ తుప్పుకూ బీమా రాదు. రావాలంటే జరగని ప్రమాదం జరిగిందని రాసివ్వాలి. అది మోసం. పట్టుబడితే మీ ఉద్యోగానికే మచ్చ.

పెళ్లి మాఘంలో అన్నారు కాబట్టి సమయం ఉంది, కానీ మరీ ఎక్కువ లేదు. గాలిలో తేమ నిండుగా ఉన్న వాన రోజుల్లో రంగు వేయించకూడదు. లక్కర్ మసకబారుతుంది, పుట్టీలో చెమ్మ ఉండిపోతుంది. సంక్రాంతి సెలవుల్లో ఇద్దామనుకుంటారేమో, గోదావరి జిల్లాల్లో ఆ వారం షెడ్డులో పనివాళ్లు దొరకరు. డిసెంబరు రెండో సగంలో వానలు తెరిపి ఇచ్చాక ఇచ్చి, పండుగకు ముందే తెచ్చుకునేలా మాట్లాడుకోండి. ఇచ్చే ముందు ఆ షెడ్డువారు రెండేళ్ల కిందట రంగు వేసిన కారు ఒకటి చూపించమనండి. నిన్న వేసిన కారు ఎవరిదైనా మెరుస్తుంది. రెండు వేసవులు దాటినదాన్ని చూస్తేనే పనితనం తెలుస్తుంది. చూపించలేనివారికి బండి ఇవ్వకండి, వారు 24 వేలవారైనా 58 వేలవారైనా.

పూర్తయ్యాక బిల్లు మీద షేడ్ నంబరు, వాడిన పెయింట్ రకం రాయించుకోండి. కలిపిన రంగులో మిగిలినది ఒక చిన్న సీసాలో అడిగి తెచ్చుకోండి, గీతలు పడ్డప్పుడు పనికొస్తుంది. కొత్త రంగు మీద నెల రోజులు మైనం, పాలిష్ పెట్టవద్దు. పక్షి రెట్ట పడితే సాయంత్రం దాకా ఆగకుండా నీళ్లతో తడిపి తీయండి. ఇంటి ముందు నీడ లేదని కవరు కొంటారేమో, ప్లాస్టిక్‌ది కొనవద్దు. తడి కారు మీద అది కప్పితే ఉప్పు గాలి, చెమ్మ రెండూ లోపలే చిక్కుకుంటాయి. గాలి ఆడే గుడ్డ కవరు తీసుకుని, కారు పూర్తిగా ఆరాకే కప్పండి.